పదహారు మీటల ఉద్యోగి

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ముప్ఫై ఒక్కమందికి సర్వీసు రిజిస్టర్లు తెరిచాను. ముప్ఫై రెండోది తెరిచిన రోజున పుట్టుమచ్చల కాలమ్ దగ్గర నా కలం ఆగిపోయింది. అభ్యర్థిని బల్లమీద బోర్లా పడుకోబెట్టి, వెల్లకిలా తిప్పి, భూతద్దం పెట్టి వెతికినా ఒక్క మచ్చ కనపడలేదు. చివరికి "వెనుక భాగమున కుడివైపు ప్లగ్గు పెట్టు రంధ్రము, దాని పక్కన చిన్న గీత" అని రాసి సంతకం పెట్టాను. ఆ అభ్యర్థి ఒక యంత్రం.

నాకు మతి పోయిందనుకుంటున్నారేమో. మతి పోయినవాళ్ళకి ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు ఇవ్వరు. సీటు ఇచ్చాక పోతే అది శాఖాపరమైన విషయం, బయటివాళ్ళకి సంబంధం లేదు.

మాది ప్రాంతీయ కళాభ్యుదయ కేంద్రం. గోదావరి గట్టుకి నాలుగు వీధుల ఇవతల, వానాకాలంలో లోపల కూడా గొడుగు వేసుకుని తిరగాల్సిన పెంకుటి భవనం. ప్రభుత్వం తరఫున ఎవరు దీపం వెలిగించినా, పునాదిరాయి వేసినా, రిబ్బను కత్తిరించినా, ఆ క్షణానికి డోలు మోగించడం మా కేంద్రం పని. అందుకోసం డోలు కళాకారుడి పోస్టు ఒకటి మంజూరై ఉంది. మంజూరైన నాటి నుంచీ, అంటే పంతొమ్మిదేళ్ళుగా, ఖాళీగా కూడా ఉంది.

పోస్టు ఖాళీగా ఉందిగానీ డోలు ఏనాడూ ఆగలేదు. పంతొమ్మిదేళ్ళూ దాన్ని మోగించింది చిటికెల గవర్రాజు, తాత్కాలిక ప్రాతిపదికన. పదకొండు నెలలకోసారి అతన్ని ఒక్క రోజు ఉద్యోగంలోంచి తీసేసి, మర్నాడు కొత్తగా చేర్చుకుంటాం. తీసేసిన ఆ ఒక్క రోజు కూడా వచ్చి వాయించి వెళ్ళేవాడు, మొహమాటస్తుడు.

పర్మనెంటు ఎందుకు చెయ్యలేదంటారా? నిబంధన. అభ్యర్థికి గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన డోలు సర్టిఫికెట్ ఉండాలి. ఈ ప్రాంతంలో గుర్తింపు పొందిన సంస్థ మాదొక్కటే. మేం డోలు నేర్పడం లేదు, ఎందుకంటే నేర్పాల్సిన పోస్టు ఖాళీగా ఉంది. ఈ సంగతి గవర్రాజుకి ఏటా వివరంగా చెప్పేవాణ్ణి. అతను ఏటా శ్రద్ధగా వినేవాడు.

"మా సత్తెవతిని ఎవరైనా మీ ఆయనేం జేత్తాడని అడిగారనుకోండి, టెంపర్వరీ అని చెబుతాదండి. డోలని మాత్రం చెప్పదు" అనేవాడు నవ్వుతూ. అతనికి ఈ లోకంలో కావలసింది ఆ ఒక్కటే. ఆ ముక్క పెళ్ళాం నోట మారడం.

అలా నడుస్తున్న కేంద్రానికి మత్స్యశాఖ నుంచి బదిలీ మీద సుధీంద్రనాథ్ గారు డైరెక్టరుగా వచ్చారు. రొయ్యలకీ రాగాలకీ పరిపాలనాపరంగా తేడా లేదని ఆయన నమ్మకం. వచ్చిన నెలకే మూడు రోజుల శిక్షణా శిబిరానికి వెళ్ళి, మెడలో శిబిరం బిళ్ళ తియ్యకుండానే ఆఫీసుకి వచ్చేశారు.

"కామేశం! కళను కళాకారుడి నుంచి విముక్తం చెయ్యాలి. అదే ఇప్పటి ధోరణి" అన్నారు.

"చిత్తం. ఏ హెడ్డు కింద ఖర్చు రాయాలండీ?" అన్నాను.

వారం తిరక్కుండా హైదరాబాదు నుంచి కంపెనీ డెమో మనిషి ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. లోపల ఎక్కాల పుస్తకం కంటే కొంచెం పెద్దదిగా ఉన్న పరికరం, దానిమీద నాలుగు వరసల్లో పదహారు రబ్బరు మీటలు. దాన్ని శాంప్లర్ అంటారట. దాని ముందు ఏ చప్పుడు చేసినా మింగి ఒక మీట కింద దాచుకుంటుంది. ఆ మీట నొక్కితే అదే చప్పుడు కక్కుతుంది. అందులోనే సీక్వెన్సర్ అని ఇంకో ఏర్పాటు ఉంది. ఏ మీట ఎన్ని గంటలకి, దేని తర్వాత మోగాలో ఒకసారి వరస కట్టిపెడితే చాలు, మనం ఆపేదాకా అది ఆ వరసే తిప్పుతూ ఉంటుంది. నాకది వెంటనే నచ్చింది. మా ఆఫీసు ఎలా నడుస్తుందో అదీ అలాగే నడుస్తోంది.

గవర్రాజుని పిలిపించారు. అతను డోలు మెడకి తగిలించుకుని, వేళ్ళకి తొడుగులు పెట్టుకుని, దండం పెట్టి నిలబడ్డాడు.

"అన్నా, ఒక్క దెబ్బ కొట్టు" అన్నాడు డెమో మనిషి.

"ఒక్కటేనా అండీ? ఒక్క దెబ్బ కొడితే అది డోలవ్వదండీ బాబూ. పక్కింటి తలుపు కొట్టినట్టుంటాది."

"ఒక్కోటీ విడివిడిగా కావాలి. తర్వాత ఇదే కలుపుకుంటుంది."

గవర్రాజు నా వంక చూశాడు. నేను డైరెక్టరు గారి వంక చూశాను. ఆయన కుర్చీలో ముందుకి జరిగి, "చూడు గవర్రాజూ, ఈ చారిత్రక ప్రక్రియకి నువ్వు సహకరిస్తే నీ ఫైలుకి కదలిక వస్తుంది" అన్నారు.

పంతొమ్మిదేళ్ళలో ఆ మాట అన్న ఎనిమిదో డైరెక్టరు ఆయన. అయినా గవర్రాజు మొహం కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోయింది. కర్ర దెబ్బ, వేలి దెబ్బ, అరచేతి దెబ్బ, అన్నీ విడివిడిగా పదిహేను కొట్టి ఇచ్చాడు. పదహారో మీటలో గట్టిమేళం మొత్తం పెట్టించుకున్నారు. అది కొట్టేటప్పుడు మాత్రం గవర్రాజు ఎదురుగా నన్ను నిలబెట్టి చెయ్యెత్తమన్నాడు.

"ఎందుకన్నా?"

"పంతులుగారి చెయ్యి లేవకుండా గట్టిమేళం రాదండీ నాకు. మేం చేతుల్తో కొడతామనుకుంటారు గానండీ, సగం కళ్ళతోనే కొడతాం. మరి దీనికి ఎప్పుడు మొదలెట్టాలో ఎలా తెలుత్తాదండీ?"

"టైం పెడతాం. ఆ టైంకి మొదలెడుతుంది."

"అదేంటండీ! తాళి కట్టేవోడి చెయ్యి వణికితే?"

"దాంతో దీనికి పని లేదన్నా" అన్నాడు డెమో మనిషి, పెట్టె మూస్తూ.

ఇక కొనడం దగ్గర చిక్కొచ్చింది. వాయిద్యాల పద్దు ఎత్తేసి ఆరేళ్ళయింది. అదే వారం ప్రధాన కార్యాలయం నుంచి ఒక మెమో కూడా దిగింది. దీర్ఘకాలంగా ఖాళీగా ఉన్న పోస్టులు మార్చి నెలాఖరులోగా భర్తీ కాకపోతే రద్దయినట్టు భావించబడును అని. మామూలు మనుషులకి ఇవి రెండు కష్టాలు. డైరెక్టరు గారు రెంటినీ ఎదురెదురుగా పెట్టుకుని మధ్యాహ్నం భోజనం దాకా చూసి నన్ను పిలిచారు.

"కామేశం, వాయిద్యాల పద్దు పోయినా జీతాల పద్దు ఉందిగా! డోలు పోస్టు నియామక నిబంధనల్లో అభ్యర్థి మానవుడై ఉండవలెనని ఎక్కడైనా ఉందా?"

రెండు రోజులు వెతికాను. భారతదేశంలో తయారై ఉండాలన్న అర్థంలో ఒక వాక్యం ఉంది, యంత్రం అడుగున ఆ ముక్క అచ్చుపోసి ఉంది. వయసు నలభై నాలుగు దాటరాదు, యంత్రానికి ఏడాదిన్నర. సత్ప్రవర్తన ఉండాలి, ఏ కేసులూ లేవు. గుర్తింపు పొందిన సంస్థ సర్టిఫికెట్ ఉండాలి, ఫ్యాక్టరీవాళ్ళు నాణ్యతా సర్టిఫికెట్ రంగుల్లో అచ్చేసి పెట్టెలోనే పెట్టారు. మానవుడన్న మాట మాత్రం ఎక్కడా లేదు. రాసినవాళ్ళకి తట్టి ఉండదు, పాపం.

"పైన ఉదహరించిన పరిస్థితుల దృష్ట్యా, సదరు అభ్యర్థి అన్ని అర్హతలూ కలిగియున్నందున నియామకమునకు అభ్యంతరము కానరాదు" అని నోటు పెట్టాను. నేను అభిప్రాయాలు రాయను. కానరానిది కానరాదని రాస్తాను, అంతే.

ఆ సాయంత్రం గవర్రాజు మిఠాయి పొట్లంతో వచ్చాడు. పోస్టు భర్తీ చేశారని ఎవరో చెప్పారట.

"మరి ఆర్డరు చేతికెప్పుడిత్తారండీ?"

నేను చెప్పాను. అర్థం కావడానికి అతనికి కాస్సేపు పట్టింది. పొట్లం బల్లమీద పెట్టలేదు, చంకలోనే ఉంచుకున్నాడు.

"అయ్ బాబోయ్! నా పోస్టులో ఆ పెట్టిని ఏశారా?"

ఆ మాట విని డైరెక్టరు గారు గదిలోంచి బయటికి వచ్చారు. "గవర్రాజూ, సంకుచితంగా ఆలోచించకు. అందులో ఉన్నది ఎవరి శబ్దం? నీది. అంటే తాత్వికంగా నువ్వు పర్మనెంటయ్యావు."

"మా సత్తెవతికి ఆ తాత్వికం చెబితే కూడెట్టదండి" అన్నాడు గవర్రాజు. అని, మిఠాయి అలాగే పట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు బాధేసింది. నిజం చెప్పాలంటే, చాలా బాధేసింది. అయినా ఆ పూటే సర్వీసు రిజిస్టరు తెరిచాను.

ఆరోగ్య పరీక్షకి యంత్రాన్ని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాను. లైను పొడుగ్గా ఉంది. డాక్టరు గారు తలెత్తకుండా, ముందు నిలబడ్డ కానిస్టేబులు బీపీనే దీనికీ రాసి "ఫిట్" అని ముద్ర కొట్టారు. మాతృభాష కాలమ్‌లో తెలుగు అని రాశాను. హాజరు దగ్గర మాత్రం వేలిముద్ర యంత్రం ఈ యంత్రాన్ని ఒప్పుకోలేదు, వేలు కావాలంది. శబ్దం గవర్రాజుది కాబట్టి వేలు కూడా గవర్రాజుదే వాడవచ్చునని డైరెక్టరు గారు ఉత్తర్వు ఇచ్చారు. పోస్టు భర్తీ అయ్యాక గవర్రాజుకి డోలు పని ఎలాగూ లేదు. అందుకని రోజుకూలీ మీద "యంత్ర సహాయకుడు"గా తీసుకున్నాం. రోజూ పొద్దున్నే వచ్చి యంత్రం తరఫున వేలు పెట్టడం, గుడ్డతో తుడవడం, ప్లగ్గు పెట్టడం అతని విధులు.

మొదటి పరీక్ష ఏప్రిల్లో వచ్చింది. కొత్త ఆడిటోరియం ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారు. కార్యక్రమ పత్రికలో జ్యోతి ప్రజ్వలన పదిన్నరకని ఉంది. డైరెక్టరు గారు స్వయంగా కూర్చుని సీక్వెన్సర్‌లో పదిన్నరకి గట్టిమేళం పెట్టించారు.

సరిగ్గా పదిన్నరకి మంత్రిగారు వేదిక మెట్ల దగ్గర ఒంటికాలి మీద నిలబడి, చెప్పు విప్పుకుంటున్నారు. పట్టీ చిక్కుకుంది. ఆయన వంగగానే నాలుగు స్పీకర్లలోంచి గట్టిమేళం దద్దరిల్లింది.

మనవాళ్ళ సంగతి తెలిసిందేగా! గట్టిమేళం చెవిన పడితే చెయ్యి ఆగదు. ముందు వరసలో మహిళా సంఘాలవాళ్ళకి అక్షింతల పళ్ళేలు ముందే పంచి ఉంచాం. చెప్పు పట్టుకుని వంగి ఉన్న మంత్రిగారి మీద గుప్పెళ్ళకొద్దీ అక్షింతలు పడ్డాయి. ఆయన ఉలిక్కిపడి లేచారు. మేళం ఆగి, వరస తిరిగి, మళ్ళీ మొదలైంది. మళ్ళీ అక్షింతలు. ఆయన ఏదో అనబోయారు. మళ్ళీ గట్టిమేళం, మళ్ళీ అక్షింతలు, ఈసారి నోట్లో కూడా.

గవర్రాజు పరుగెత్తుకెళ్ళి ఆపబోయాడు. డైరెక్టరు గారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు! రెగ్యులర్ ఉద్యోగి విధి నిర్వహణలో ఉండగా రోజుకూలీ అడ్డుపడరాదు."

"మంత్రిగారి కంట్లో పడ్డాయండీ బాబూ!"

"పడనీ. క్రమశిక్షణ ముఖ్యం."

పదకొండు ఆవర్తాలయ్యాక మంత్రిగారి గన్‌మన్ తీగ పట్టి లాగేశాడు. తల మీద పసుపు బియ్యంతో మంత్రిగారు నిశ్శబ్దంగా దీపం వెలిగించి, ప్రసంగం లేకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు యంత్రానికి ఛార్జిమెమో ఇచ్చాం. "విధి నిర్వహణలో అత్యుత్సాహము ప్రదర్శించి గౌరవ మంత్రివర్యులకు అసౌకర్యము కలిగించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా లిఖితపూర్వక సంజాయిషీ ఇవ్వవలెను." ఏడు రోజులూ యంత్రం నోరెత్తలేదు. ఎనిమిదో రోజున దాని తరఫున సంజాయిషీ రాయమని గవర్రాజుకి కాగితం ఇచ్చాం. అతను నా బల్ల దగ్గరే కూర్చుని ఒకే ఒక్క వాక్యం రాశాడు. "అయ్యా, నాకు కళ్ళు లేవు, దీపం ఎప్పుడు వెలిగిస్తారో చూడలేను."

డైరెక్టరు గారు అది చదివి కళ్ళజోడు తీసేశారు. "అంటే దృష్టిలోపం దాచిపెట్టి ఉద్యోగంలో చేరిందన్నమాట! కామేశం, కంటి పరీక్షకి రిఫర్ చెయ్యండి."

కంటి ఆసుపత్రివాళ్ళు జూలైలో తారీఖు ఇచ్చారు. ఆ తారీఖుకి రెండు రోజుల ముందు గోదావరికి వరదొచ్చేంత వాన పట్టింది. మా పెంకులు ఎప్పటిలాగే కారాయి. నా సీటు మీద పడకుండా నేను బకెట్టు పెట్టుకున్నాను. యంత్రం మీద ఎవరూ ఏమీ పెట్టలేదు. గవర్రాజుకి ఆ రోజు జ్వరం. మర్నాడు వచ్చి ప్లగ్గు పెడితే టప్‌మని ఒక చప్పుడొచ్చింది. ఆ చప్పుడు గవర్రాజుది కాదు, యంత్రం సొంతం.

బాగుచేసే మనిషి వచ్చి మూత విప్పి, నీళ్ళు వంపి, "ఇది పోయిందండి" అన్నాడు.

"ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి" అన్నాను. ఇచ్చాడు. అదే మరణ ధ్రువపత్రం కింద ఫైల్లో పెట్టాను.

సంతాప సభ జరిగింది. పరికరాన్ని బల్లమీద పెట్టి బంతిపూల దండ వేశారు. డైరెక్టరు గారు దండ సరిచేసి మైకు అందుకున్నారు. "ఒక్క రోజు సెలవడగలేదు. ఒక్క విన్నపం పెట్టలేదు. యూనియన్‌లో చేరలేదు. ఇలాంటి ఉద్యోగి మళ్ళీ దొరకడు" అన్నారు. అందరం రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం. వెనక వరసలో గవర్రాజు కూడా నిలబడ్డాడు, తుడిచే గుడ్డ భుజం మీదే ఉంది.

సభయ్యాక నా బల్ల దగ్గరకి వచ్చాడు.

"కామేశం గారూ, ఇప్పుడన్నా పోస్టు ఖాళీ అయింది కదండీ?"

"సర్టిఫికెట్ ఉందా గవర్రాజూ?"

అతను ఎదురుగా బెంచీ మీద కూర్చుని కిందకి చూస్తున్నాడు. నలభై మూడేళ్ళవాడు, ఆ క్షణాన అరవై ఏళ్ళవాడిలా కనిపించాడు. నాకు నా మీదే అసహ్యం వేసింది. ఇన్నేళ్ళలో ఎంతమందికి ఎన్ని దారులు మూశానో నాకు లెక్క తెలుసు. ఒక్క దారి తెరవలేనా అనుకుని నిబంధనల పుస్తకం ముందేసుకున్నాను. గంటలో దొరికింది.

"గవర్రాజూ! సర్వీసులో ఉండగా చనిపోయిన ఉద్యోగి మీద ఆధారపడ్డవాళ్ళకి కారుణ్య నియామకం ఉంది. సర్టిఫికెట్ అక్కర్లేదు, పరీక్ష లేదు. ఆ యంత్రం మీద ఆధారపడి బతుకుతున్నది ఎవరు? నువ్వే కదా!"

"మరేనండి! దానికి ఏలెట్టి, దాన్ని తుడిచి తింటన్నాను."

"అయితే ఈ ఫారం నింపు. సంబంధం అన్న కాలమ్‌లో కుమారుడు అని రాయాలి. తండ్రి పేరు దగ్గర యంత్రం పేరూ నంబరూ."

అతను కలం తీసుకుని తండ్రి పేరు దగ్గర అలవాటు కొద్దీ 'చిటికెల వీర్రాఘవులు' అని రాసేశాడు. రాసింది చూసుకుని ఆగాడు.

"ఇదెక్కడి చోద్యమండీ! ఆ పెట్టి నాకు పుట్టిందండి. నేను దానికి పుట్టడమేంటి?"

"తండ్రికి కారుణ్యం లేదు. కొడుక్కే ఉంది."

గవర్రాజు గొంతు మొదటిసారి పెరిగింది. "మా నాన్న ఈ ఆఫీసులోనే ఇరవై రెండేళ్ళు కొట్టాడండి, టెంపర్వరీగా. ఇక్కడ వాయిత్తా వాయిత్తానే పోయాడు. అప్పుడు మా అమ్మ నన్నెంటబెట్టుకుని ఈ బల్ల దగ్గరకే వచ్చింది. టెంపర్వరీవోడికి కారుణ్యం లేదు పొమ్మన్నారు. మా నాన్న పోతే లేని జాలి, పెట్టి పోతే వచ్చిందా అండీ మీకు?"

ఆఫీసు మొత్తం మా వైపు తిరిగింది. "అది రెగ్యులర్ కదా గవర్రాజూ" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మాటే నాకు వినబుద్ధి కాలేదు.

బయట అతని భార్య సత్యవతి మెట్ల మీద నిలబడి లోపలికి చూస్తోంది. అతను ఆమెకేసి ఒకసారి చూసి, "నాన్న పేరు కొట్టేయాలాండీ, పక్కన రాత్తే సరిపోద్దా?" అని అడిగాడు.

"కొట్టేసి రాయాలి. కొట్టివేత దగ్గర పొట్టి సంతకం పెట్టాలి."

కొట్టేశాడు. సంతకం పెట్టాడు. కలానికి మూత పెట్టకుండా లేచి వెళ్ళిపోయాడు.

ప్రధాన కార్యాలయం నుంచి ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది. "దరఖాస్తుదారు వయస్సు నలుబది మూడు. మృత ఉద్యోగి వయస్సు రెండు. కుమారుడు తండ్రి కంటే నలుబది ఒక్క సంవత్సరములు పెద్దవాడగుట ఎట్లు సంభవించినదో వివరించవలెను." నేను జవాబు రాశాను. "కారుణ్య నియామక నిబంధనలలో గరిష్ఠ వయోపరిమితి మాత్రమే సూచించబడినది. తండ్రి కుమారుని కంటే పెద్దవాడై ఉండవలెనని ఎచ్చటను సూచించబడలేదు." పదిహేను రోజుల్లో ఆమోదం వచ్చింది.

ఆర్డరు నేనే చదివి వినిపించాను. కారుణ్యంలో కళాకారుల పోస్టులు ఇవ్వరు కాబట్టి గవర్రాజుని ఆఫీస్ సబార్డినేటుగా వేశారు. ఫైళ్ళు మొయ్యాలి, మంచినీళ్ళివ్వాలి. పర్మనెంటు. ఆర్డరు అడుగున ప్రవర్తనా నియమావళి కూడా జత చేశారు. ప్రభుత్వోద్యోగి ముందస్తు అనుమతి లేకుండా కళాప్రదర్శనలు ఇవ్వరాదు, తన ఉద్యోగానికి చెందని పని చెయ్యరాదు. డోలు పోస్టు సంగతంటారా, దాన్ని ఆ నెలలోనే రద్దు చేశారు, అందులో ఉన్నవాడు పోయాడు గనక.

సత్యవతి ఆ రోజు ఆఫీసందరికీ పూతరేకులు పంచింది. "మా ఆయన పర్మనెంటండీ" అని నాకు మూడుసార్లు చెప్పింది. గవర్రాజు నవ్వాడు. ఆ మర్నాటి నుంచి వేళ్ళకి తొడుగులు లేకుండా రావడం మొదలుపెట్టాడు. నాకు ఆ చేతులు చూడ్డం ఇబ్బందిగా ఉండేది.

డిసెంబరులో కేంద్రం వార్షికోత్సవం. కమిషనరు గారు స్వయంగా వచ్చారు. పాతకాలం పద్ధతి తెలిసిన పెద్దమనిషి. ఒత్తి దగ్గరకి కొవ్వొత్తి తీసుకెళ్ళి ఆగి, "మేళం ఏదయ్యా?" అన్నారు.

డైరెక్టరు గారు నాలుగు వైపులా చూశారు. వేదిక మీద అలంకారానికి పెట్టిన ఆఫీసు డోలు ఉంది. దాని పక్కనే, తెల్ల డ్రెస్సులో, గ్లాసుల పళ్ళెం పట్టుకుని గవర్రాజు నిలబడి ఉన్నాడు.

"గవర్రాజూ! చూస్తావేం? అందుకో!" అన్నారు డైరెక్టరు గారు.

గవర్రాజు కదల్లేదు.

"నీకే చెప్పేది! అనుమతి నేనిస్తున్నాను, ఇక్కడే, ఇప్పుడే. కొట్టు!"

కొవ్వొత్తి మైనం కమిషనరు గారి వేళ్ళ మీదకి కారుతోంది. గవర్రాజు పళ్ళెం దించకుండానే, ఎంతో వినయంగా వంగాడు.

"తప్పుగా అనుకోకండి. డోలు వాయించేది మా నాన్నగారండి, ఆయన పోయారు. నేను సబార్డినేటునండి, మంచినీళ్ళిత్తాను." అని పళ్ళెం ముందుకి చాపాడు.

కమిషనరు గారికి ఏమీ అర్థం కాక ఒక గ్లాసు తీసుకున్నారు. డైరెక్టరు గారు ఎర్రబడిన మొహంతో నా వైపు తిరిగారు.

"కామేశం! ఏమిటీ పిచ్చివాగుడు? రికార్డులో అలా ఉందా?"

"ఉందండి" అన్నాను. "నేనే రాశాను."